దోమలు బతికించిన లోహితాస్యుడు

"లోహితాస్యుణ్ణి పాము చంపింది, దోమలు బతికించాయి."

ఈ వాక్యం ఏ ఒక్క నాటక సమాజాన్నీ ఉద్దేశించి రాసింది కాదు, నమూనాకి కట్టింది. బరంపురంలోనో పర్లాకిమిడిలోనో చెరువు పక్క మైదానంలో రాత్రి పన్నెండు దాటాక హరిశ్చంద్ర నాటకంలో కాటిసీను, అంటే పాము కరిచి చచ్చిన కొడుకు లోహితాస్యుణ్ణి చంద్రమతి శ్మశానానికి తెచ్చే ఘట్టం ఆడితే, ఎవరైనా రాయదగ్గ మాట. చదవగానే నవ్వొస్తుంది. నవ్వు అయిపోయాక శవంగా పడుకున్న పిల్లవాడు కదిలాడన్న సంగతి మనసులో ఉండిపోతుంది. ఎందుకు కదిలాడో కూడా ఆ నాలుగు ముక్కల్లోనే ఉంది. నాటక సమీక్షలో వెటకారానికి నేను పెట్టే పరీక్ష ఇదొక్కటే: నవ్వు తీసి పక్కన పెట్టినా లోపమూ దాని కారణమూ మిగలాలి. ఏమీ మిగలకపోతే అది ఉత్త తిట్టు.

ఆంధ్రాని ఆనుకుని ఒడిశాలో ఉన్న మన సరిహద్దు ఊళ్ళలో తెలుగు నాటకం పడేదే తక్కువ. శ్రీరామనవమి పందిట్లో ఒకటి, వినాయక చవితికి ఒకటి, ఏ సమాజంవాళ్ళైనా పూనుకుంటే మరొకటి. మర్నాడు వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే సమీక్షలదంతా ఒకటే అచ్చు. కృష్ణుడు పాత్రకి జీవం పోశాడు, దుర్యోధనుడు పాత్రలో ఒదిగిపోయాడు, అర్జునుడు ఆకట్టుకున్నాడు, హార్మోనియం సహకారం చక్కగా అమరింది, ప్రేక్షకులు మంత్రముగ్ధులయ్యారు. ఈ ఐదు ముక్కలూ నాటకానికి వెళ్ళకుండానే రాసేయొచ్చు. దోమల సంగతి ఎవరూ రాయరు కాబట్టి మరుసటేడు కూడా లోహితాస్యుడు అలాగే కదులుతాడు. మన నాటకం బతకాలంటే దాన్ని కళ్ళు పెట్టి చూసి, చూసింది చూసినట్టు చెప్పేవాళ్ళు కావాలి. అది నవ్వొచ్చేలా చెబితే పదిమందికీ గుర్తుంటుంది.

బయటి దేశాల్లో ఇలా గుర్తుండిపోయిన సమీక్షలు చాలానే ఉన్నాయి. అవి ఎలా కట్టారో విప్పి చూస్తే మనకి పనికొచ్చేది దొరుకుతుంది. 1937లో న్యూయార్క్‌లో టల్లూలా బ్యాంక్‌హెడ్ క్లియోపాత్రా వేషం కట్టింది. న్యూయార్క్ పోస్ట్‌లో జాన్ మేసన్ బ్రౌన్ రాసిన మాట: ఆమె నిన్న రాత్రి క్లియోపాత్రాగా నైలునది మీద బార్జిలా వచ్చింది, మునిగింది. ఇంగ్లీషులో 'బార్జి' అంటే పెద్ద పడవ, మోటుగా దూసుకురావడం కూడా. ఆ శ్లేష తెలుగులోకి రాదు. 'మునిగింది' మాత్రం దర్జాగా వస్తుంది. వ్యాపారాలూ కొంపలూ మునగడం మనకి కొత్తేమీ కాదు కదా. ఆ నాటకం ఐదు ప్రదర్శనలకే ఆగిపోయింది.

అమెరికా పత్రికా రచయిత యూజీన్ ఫీల్డ్ పేరు మీద చెప్పుకునే మాట ఇంకా బాగుంటుంది. కింగ్ లియర్‌గా వేసిన నటుడి గురించి. ఇంకెవరో ఆసు వేసేస్తారేమో అని బిక్కుబిక్కుమంటూ ఆయన రాజు వేశాడట. ఇది తెలుగులోకి ఒక్క గింజ రాలకుండా వస్తుంది. వేషమూ 'వేస్తాం', పేకముక్కా 'వేస్తాం'. పైగా నటనలో ఏం తప్పో కచ్చితంగా చెప్పింది: రాజుకి ఉండాల్సిన ధీమా లేదు, మాటమాటకీ పక్కవాళ్ళ వంక చూస్తున్నాడు. గంజాం జిల్లా ప్రేక్షకుడికి ఈ లోపం ఇట్టే తెలుస్తుంది. ప్రహ్లాద నాటకంలో హిరణ్యకశిపుడు మెట్లెక్కి దిగుతూ అడుగుల్తోనే అదరగొట్టడం చూసిన కళ్ళవి. మన దుర్యోధనుణ్ణి తూచేటప్పుడు హైదరాబాద్ దాకా వెళ్ళక్కర్లేదు, ఆ మెట్లు చాలు.

మూడోది రాబర్ట్ బెంచ్లీది. 'ఏబీస్ ఐరిష్ రోజ్' అనే నాటకం 1922 నుంచి 1927 దాకా న్యూయార్క్‌లో 2,327 సార్లు ఆడింది. బెంచ్లీకి అది బొత్తిగా నచ్చలేదు. లైఫ్ పత్రికలో వారంవారం దాని గురించి ఏదో ఒకటి రాయక తప్పదు. ఒక వారం ఆయన రాసింది ఇంతే: హెబ్రీయులకు 13:8 చూడండి. క్రీస్తు నిన్నా నేడూ ఎప్పటికీ ఒక్కటే రీతిగా ఉంటాడని చెప్పే బైబిలు వచనం అది. గజపతి జిల్లాలో ఆదివారం చర్చికి వెళ్ళేవాళ్ళకి విడమరిచి చెప్పక్కర్లేని చమత్కారం. ఆయన అంత రాసినా నాటకం మాత్రం ఆగలేదు. సమీక్షకుడికి తన మాట మీద ఎంత మోజున్నా ఈ లెక్క గుర్తుండాలి.

ఒక తేడా మాత్రం మరిచిపోకూడదు. బ్రాడ్‌వేలో 'మూస్ మర్డర్స్' అనే నాటకం 1983 ఫిబ్రవరి 22న మొదలై ఆ రాత్రికే ముగిసింది. న్యూయార్క్ టైమ్స్‌లో ఫ్రాంక్ రిచ్ రాస్తూ, ఇకమీదట నాటకాలు చూసేవాళ్ళు రెండు జాతులు, ఈ నాటకం చూసినవాళ్ళూ చూడనివాళ్ళూ అన్నాడు. అక్కడ పెట్టుబడి ఉంది, జీతాలున్నాయి, టికెట్టు కొన్నవాడి డబ్బుంది. మన దగ్గర కొట్టు కట్టేసి వచ్చినాయన తన చందా తనే వేసుకుని కృష్ణుడి వేషం కడతాడు. ఆ వేటు ఈయన మీద వేయడం అన్యాయం. ఇక్కడ వెటకారం చేస్తే పని మీద చేయాలి. మనిషి ఒడ్డూ పొడుగూ, వయసూ, కులమూ, బతుకుతెరువూ దరిదాపుల్లోకి రాకూడదు.

తెలుగులో ఈ విద్యకి పాత పేరే ఉంది, వ్యాజస్తుతి. పొగడ్తలా వినిపించే నింద, నిందలా వినిపించే పొగడ్త. కాసుల పురుషోత్తమకవి ఆంధ్రనాయక శతకమంతా ఇదే తీరు, దేవుణ్ణి నిందిస్తున్నట్టే నిందిస్తూ కొలుస్తాడు. (ఆ దేవుడున్న శ్రీకాకుళం కృష్ణాతీరంలోది, ఇచ్ఛాపురంతో మొదలయ్యే మన పక్క జిల్లా కాదు.) కటువైన సమీక్ష రాయాలనుకునేవాళ్ళు ఈ శతకం చదివితే చాలా మేలు. తిట్టినట్టు ఉంటూనే ప్రేమ ఎక్కడా జారిపోకుండా ఎలా పట్టుకోవచ్చో అందులో తెలుస్తుంది.

ఇక పనిలోకి వద్దాం. తెర లేవడానికి అరగంట ముందే మైదానానికి చేరాలి. ముందు మైకులు చూడాలి. స్టేజి అంచున ఎన్ని ఉన్నాయి, సౌండు బాక్సులు మైకులకి ముందున్నాయా వెనకున్నాయా. బాక్సు మైకు వైపు తిరిగి ఉంటే దాని శబ్దం మళ్ళీ మైకులోకే పోయి కీచుమంటుంది. ఆ కీచు ఆపడానికి ఆపరేటరు వాల్యూం తగ్గిస్తాడు, దాంతో నటుడి గొంతు పీలగా వినిపిస్తుంది. ఇది గమనించకుండా "కృష్ణుడికి గొంతు లేదు" అని రాస్తే నింద ఒకరిది, శిక్ష ఇంకొకరికి. నాటకం సగం ముందు వరసల్లో, సగం వెనక నిలబడి చూడాలి. ముందు వినిపించింది వెనక వినపడకపోతే తప్పు మైకుది. రెండుచోట్లా వినపడకపోతే నటుడిది.

హార్మోనియం సంగతీ అంతే. కృష్ణుడిది ఒక శ్రుతి, అర్జునుడిది మరొకటి. పద్యం మొదలయ్యే ముందు హార్మోనిస్టు శ్రుతి మార్చుకోవాలి. ఆంధ్రా వైపు నుంచి రైల్లో ఆ సాయంత్రమే దిగిన హార్మోనిస్టుకి ఎవరి శ్రుతి ఏదో ముందుగా చీటీ మీద రాసివ్వకపోతే మొదటి పద్యం తడుముకోవడంతోనే గడిచిపోతుంది. పైస్థాయిలో గొంతు చీరుకుపోయిందంటే నటుడికి అలవాటైన శ్రుతికంటే ఒక మెట్టు పైన ఎత్తుకున్నాడేమో చూడాలి. లైట్లలో నీలం రంగు వేస్తే ఎరుపు నల్లగా కనిపిస్తుంది. అభిమన్యుడి నెత్తురు తారులా ఉందంటే మేకప్ ఆయన్ని అనే ముందు పైన ఏ రంగు లైటు పడుతోందో చూసుకోవాలి.

నాటకం చూస్తూ రాసుకునే నోటు పుస్తకంలో సీనుకి ఒక పేజీ. ఎడమవైపు టైము, కుడివైపు చూసిందీ విన్నదీ. "బాగోలేదు" అన్న మాట ఆ పుస్తకంలో రాయకూడదు, ఏం జరిగిందో రాయాలి. "11.40, రెండో పద్యం, కిరీటం ఎడమకి జారింది, చేత్తో ఎత్తుకున్నాడు. 11.43 మళ్ళీ. 11.47 మళ్ళీ." ఇలా మూడుసార్లు నమోదైతేనే వాక్యం కట్టే హక్కు వస్తుంది. ఒక్కసారి జరిగింది ప్రమాదం, దాన్ని వదిలేయాలి. నాటకం ప్రతి కూడా చేతిలో ఉండాలి. రాసినదేదో, నటుడు అప్పటికప్పుడు కల్పించిందేదో తెలియకపోతే కవిని తిట్టాల్సిన చోట నటుణ్ణి, నటుణ్ణి తిట్టాల్సిన చోట కవిని తిడతాం. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నిషేధించిన 'చింతామణి' విషయంలో ఈ తేడా చాలా పెద్దది. కాళ్ళకూరి నారాయణరావు గారు రాసిన సుబ్బిశెట్టి పాత్ర వేరు, స్టేజీల మీద ఏళ్ళ తరబడి పెరిగిన సుబ్బిశెట్టి వేరు.

ఆ కిరీటం దగ్గరే ఆగి వాక్యం ఎలా కట్టాలో చూద్దాం. మొదట లోపాన్ని పొడిగా రాయాలి: రాయబారం సీనులో కృష్ణుడి కిరీటం మూడుసార్లు జారింది. తర్వాత కారణం: అద్దెకి తెచ్చిన కిరీటం, తలకంటే పెద్దది. కింద నున్నటి విగ్గు, దానిమీద చెమట. నాడా చెవుల వెనక నుంచి మెడ కిందికి కట్టకుండా విగ్గు మీదే ముడేశారు. ఆ తర్వాత నాటకంలోకి వెళ్ళి, అక్కడ రోజూ తిరిగే మాటల్లో ఈ లోపానికి అతికే మాట ఏదో వెతకాలి. రాయబారంలో ఆ మాట ఎదురుగానే ఉంది, సంధి. అప్పుడు: "కృష్ణుడు కురుపాండవుల మధ్య సంధికి వచ్చాడు. కిరీటానికీ తలకీ మధ్యే కుదరలేదు." రెండో వాక్యంలో 'సంధి' అన్న మాట మళ్ళీ వేయకూడదు, చదివేవాడే వేసుకోవాలి. విశేషణాలన్నీ తీసేయాలి. "దారుణంగా" అని ఒక్క మాట పడితే నవ్వు చస్తుంది.

ఇదే దారిలో హరిశ్చంద్రుడు పద్యాలు మరిచిపోతే: "ఆడిన మాట తప్పని హరిశ్చంద్రుడు పాడిన పద్యం మూడుచోట్ల తప్పాడు." తెర పక్కనుంచి మాటలందించే ప్రాంప్టరు గొంతు మైకులో పడితే: "ప్రాంప్టరు మాట చివరి వరస దాకా ఖణీమని వినిపించింది. వేషం మాత్రం ఇంకొకరికి ఇచ్చారు." తెలుగులో క్రియ చివరికి రావడం మనకి పెద్ద వరం. దెబ్బ ఎప్పుడూ చివరి మాటలో పడాలి, మన వాక్యం దాన్ని అక్కడే పెడుతుంది. ఇంకో సంగతి, బరంపురంలో తెలుగు మాట్లాడేవాళ్ళలో తెలుగు చదవలేనివాళ్ళు ఎందరో. సమీక్ష ఒకరు చదివితే నలుగురు వింటారు. అందుకని పైకి చదివి చూసుకోవాలి. ఊపిరి మధ్యలో తీసుకోవాల్సి వస్తే వాక్యం పొడుగైనట్టు. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన పర్లాకిమిడి మనది, గ్రాంథికం జోలికి వెళ్ళడానికి మనకి ఏ సాకూ లేదు. మొత్తం నాలుగైదు వందల మాటలు, అందులో చమత్కారాలు మూడుకి మించకూడదు. నాలుగోదానికి చదివేవాడికి నాటకం మీద కాక, రాసినవాడి మీదే దృష్టి పడుతుంది.

దోమల దగ్గరికి మళ్ళీ వస్తాను, ఎందుకంటే కారణం లోతుగా తెలిస్తేనే ఆ వాక్యానికి బరువు. కాటిసీనులో ఒక్కో పద్యం రాగంతో కలిపి మూడు నాలుగు నిమిషాలు పడుతుంది. మధ్యలో జాషువా గారి శ్మశాన పద్యాలు కలిపి పాడటం రివాజు. పైన వన్స్ మోర్లు. పిల్లవాడు అరగంటకి తక్కువ కాకుండా కదలకుండా పడుకోవాలి. స్టేజి ముందున్న తెల్ల ఫ్లడ్ లైట్లకి చుట్టుపక్కల పురుగంతా మూగుతుంది. పసుప్పచ్చ వెలుతురుకి పురుగు తక్కువగా వస్తుంది. కాటిసీనుకి ఎలాగూ వెలుగు తగ్గించాలి కాబట్టి తెల్ల ఫ్లడ్లు ఆపేసి, పక్క వింగులోంచి రెండు పసుపు లైట్లు వేస్తే దృశ్యమూ పండుతుంది, పురుగూ తగ్గుతుంది. పిల్లవాడికి చేతులకీ కాళ్ళకీ దోమల క్రీము ముందే రాయాలి. ముఖం తప్ప ఒళ్ళంతా నూలుగుడ్డ కప్పాలి. టెరికాటన్ కప్పితే ఉక్కకి వాడే తన్నేస్తాడు. కొందరు వింగులో స్టాండు ఫ్యాను పెడతారు. ఆ గాలి నేరుగా మైకుకి తగిలితే చంద్రమతి శోకమంతా బుస్సుమనే హోరులో కలిసిపోతుంది, కాబట్టి ఫ్యాను మైకు వెనక వైపు నుంచి, కిందికి తిప్పి పెట్టాలి. అన్నిటికంటే మంచిది, చంద్రమతి మొదటి శోకం అయ్యాక లైటు ఒక్క క్షణం ఆర్పి, పిల్లవాడి బదులు గుడ్డలు చుట్టిన బొమ్మని పెట్టేయడం. ఇదంతా సమీక్షలో రాయక్కర్లేదు, రెండు వాక్యాలు చాలు. కానీ రాసేవాడికి తెలిసి ఉంటే ఆ వెటకారం పిల్లవాడి మీదికి పోకుండా దర్శకుడి బల్ల మీదికి సరిగ్గా వెళ్తుంది. తొమ్మిదేళ్ళ పిల్లవాడు దోమ కుడితే కదలడం తప్పెలా అవుతుంది?

నవ్వు ఎంత తేరగా దొరికినా రాయకూడనిది ఒకటుంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు బరంపురం, పర్లాకిమిడి ఇటువైపు వచ్చాయి. ఇప్పుడు వేషాలు కట్టే కుర్రాళ్ళలో చాలామంది ఒడియా మీడియంలోనో ఇంగ్లీషు మీడియంలోనో చదివినవాళ్ళు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. సంభాషణలు ఒడియా లిపిలో రాసుకుని బట్టీ పడతారు. ఒడియా రాతలో ఎ, ఏలకి ఒకటే అక్షరం. ఒ, ఓలకీ ఒకటే. వ, బ ఒకటిగా కలిసిపోతాయి, శ ష స పలుకులో ఒకటే అవుతాయి. దాంతో "నా మెడ వంచలేవు" అనాల్సిన వీరుడు "నా మేడ వంచలేవు" అంటాడు, 'విజయుడు' 'బిజయుడు' అవుతాడు. పద్యంలో అయితే హ్రస్వం దీర్ఘమై లఘువు గురువవుతుంది, గణం చెడుతుంది, హార్మోనియం ఒక దారి, పద్యం ఒక దారి. ముందు వరసలో కూర్చున్న పెద్దవాళ్ళు కిసుక్కుమంటారు. సమీక్షకుడు నవ్వకూడదు. వాడు అమ్మ భాషని పరాయి అక్షరాల్లో మోసుకుని స్టేజి ఎక్కాడు. వాణ్ణి చూసి నవ్వితే వచ్చే ఏడు స్టేజి ఎక్కడు. వాడి బదులు ఇంకెవరూ లేరు.

ఆ లోపాన్ని దాచమని అనడం లేదు. దాన్ని సూటిగా, హాస్యం లేకుండా, నేర్పినవాళ్ళ మీద పెట్టి రాయాలి: సంభాషణల కాగితంలో దీర్ఘాక్షరాల మీద ఎర్ర సిరాతో గీత గీసి ఉంటే ఈ తప్పులు పోయేవి. వ పలకాల్సిన చోట సున్నా చుట్టి గుర్తు పెట్టాలి. పద్యం అయితే కాగితం మీద చదివించకుండా చెవితో నేర్పాలి, పెద్దలు ఫోన్లో రికార్డు చేసి ఇస్తే చాలు. నెల్లాళ్ళ రిహార్సల్లో ఇది వారం పని.

చట్టం ఏమంటుందో తెలిసి ఉంటే ధైర్యంగానూ ఒద్దికగానూ రాయొచ్చు. పాత శిక్షాస్మృతిలో పరువునష్టం 499వ సెక్షన్. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అది 356. జనం తీర్పుకి పెట్టిన ప్రదర్శన మంచిచెడ్డల మీద సద్బుద్ధితో చెప్పిన అభిప్రాయం పరువునష్టం కాదని అందులో మినహాయింపు ఉంది. స్టేజి ఎక్కిన నటుడూ గాయకుడూ తమ నటననీ పాటనీ జనం తీర్పుకి పెట్టినట్టేనని చట్టమే ఉదాహరణ ఇస్తుంది. రచయిత గుణం గురించి మాట్లాడొచ్చు గాని, అది ఆ రచనలో కనబడినంత మేరకే. పుస్తకం తెలివితక్కువగా ఉంది కాబట్టి రాసినవాడు బుద్ధి తక్కువవాడై ఉండాలి అనొచ్చు. వాడు ముందునుంచీ తిరుగుబోతు, అందుకే పుస్తకం ఇలా ఉంది అంటే రక్షణ పోతుంది. స్టేజి మీద కనిపించినదాని నుంచే మాట బయల్దేరాలి, బయట తెలిసినదాన్ని లోపలికి తేకూడదు. నూట అరవై ఏళ్ళ కిందటి ఆ చట్టం కంటే మంచి సమీక్షా సూత్రం నాకు ఎక్కడా దొరకలేదు.

రాసినదాన్ని మర్నాడు సాయంత్రంలోపు బయటపెట్టాలి. ఆలస్యమైతే నటులు వేషం మరిచిపోతారు, కోపం మాత్రం మరచిపోరు. గ్రూపులో పెట్టే ముందు దర్శకుడికి ఒక ప్రతి పంపాలి. మార్చమని అడిగితే, అంకెలో పేరో తప్పైతే మార్చాలి. అభిప్రాయం మార్చక్కర్లేదు. సమీక్షలో కనీసం ఒక్క నిజమైన మెప్పు, అదీ లోపమంత కచ్చితంగా ఉండాలి: "దుర్యోధనుడు పద్యం చివర రాగం సాగదీయకుండా మాట దగ్గరే ఆపాడు, అందుకే అర్థం చివరి వరస దాకా చేరింది" అన్నట్టు. పువ్వులు చల్లినట్టు రాసిన మెప్పు అక్కర్లేదు, ఎవరూ నమ్మరు.

అదే సమాజం అదే నాటకాన్ని గుణుపురంలోనో రాయగడలోనో మళ్ళీ ఆడితే వెళ్ళి చూడాలి. పాత పుస్తకం తీసుకెళ్ళి, టైములు పక్కపక్కన పెట్టి, ఏది మారిందో రాయాలి. కిరీటం లోపల అరంగుళం స్పాంజి పట్టీ అతికించి, నాడా చెవుల వెనక నుంచి కిందికి కట్టి ఉంటే, రెండో సమీక్షలో మొదటి వాక్యం అదే: "ఈసారి సంధి కుదిరింది."